గోలీ చేతి నుంచి జారిన బిళ్ల

2015 ఏప్రిల్ 11. శనివారం రాత్రి. బోస్టన్ నార్త్ స్టేషన్ దగ్గర కాజ్‌వే స్ట్రీట్‌లో ఒక పిజ్జా కొట్టు. గోడకున్న టీవీ కింద నిలబడి ఉన్నాం నలుగురం తెలుగువాళ్లం. రోడ్డుకు అవతలే టీడీ గార్డెన్. లోపల కిక్కిరిసిన జనం. అమెరికా కాలేజీ ఐస్ హాకీ జాతీయ ఫైనల్ అక్కడే జరుగుతోంది. టికెట్టు కొనే తాహతు మాలో ఎవరికీ లేదు. కొట్టువాడు బయటికి పొమ్మనకుండా ఉండాలని తలా ఒక ముక్క కొంటూ, దాన్నే కొరుకుతూ మూడో పీరియడ్ దాకా లాక్కొచ్చాం.

బోస్టన్ యూనివర్సిటీ 3, ప్రావిడెన్స్ కాలేజీ 2. ఇంకా 8 నిమిషాల 36 సెకన్లు మిగిలి ఉన్నాయి. ప్రావిడెన్స్ డిఫెన్స్ ఆటగాడు టామ్ పారిసి దూరం నుంచి పక్‌ను గాల్లోకి లేపి ఇటువైపు విసిరాడు. అది గోల్ కోసం కొట్టిన షాట్ కూడా కాదు. తన జట్టు వాళ్లు మారడానికి టైము దొరుకుతుందని ఊరికే అటు పారేశాడంతే. బోస్టన్ యూనివర్సిటీ గోల్‌కీపర్ మ్యాట్ ఓకానర్ దాన్ని గ్లవ్‌తో హాయిగా పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు అలాగే ఉంచుకుంటే అయిపోయేది. ఆట ఆగకుండా తనవాళ్లకు అందిద్దామనుకున్నాడు కాబోలు, కిందికి వదిలాడు. బిళ్ల కాళ్ల మధ్య పడింది. ఎక్కడ పడిందో అతనికి కనిపించలేదు. కదిలాడు. ఆ కదలికకే బిళ్ల వెనక్కి జారి గీత దాటిపోయింది.

3-3.

కొట్టులో ఉన్న యాభై మందిలో ఒక్కడి నోట మాట లేదు. ఆ నిశ్శబ్దంలో మా నిజామాబాద్ అన్న ఒక్కడే మెల్లగా అన్నాడు: ‘‘అయ్యో... నా లెక్కనే చేసిండు పోరడు.’’

ఆ మాట ఎందుకన్నాడో మా ముగ్గురికీ తెలుసు. అది తర్వాత చెబుతాం.

మనకు తెలిసిన హాకీ కాదిది

మనకు హాకీ అంటే పచ్చగడ్డి మైదానం, ధ్యాన్‌చంద్. హైదరాబాద్ వాళ్లయితే మూడు ఒలింపిక్స్ ఆడిన ముఖేష్ కుమార్ పేరు చెబుతారు. గోల్‌కీపర్ అనగానే భారత మహిళల జట్టుకు ఆడిన చిత్తూరు జిల్లా అమ్మాయి ఎతిమరపు రజని గుర్తొస్తుంది. ఇక్కడిది ఐస్ హాకీ. మంచు గచ్చు మీద కాళ్లకు బ్లేడ్ల బూట్లు కట్టుకుని ఆడేది. బంతి ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్ల రబ్బరు బిళ్ల ఉంటుంది. దాన్నే పక్ అంటారు. ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు, లేకపోతే మంచు మీద ఎగిరెగిరి పడుతుందట. ఒక్కో పీరియడ్ 20 నిమిషాలు, మొత్తం మూడు.

మొదటిసారి చూసినప్పుడు మా భీమవరం గారు ‘‘ఇది మన బిళ్లంగోడేనండీ, కాస్త డబ్బున్నోళ్లు ఆడేది’’ అని తేల్చేశారు. ‘‘బిళ్లంగోడు కాదు సార్, చిర్రగోనె’’ అని నిజామాబాద్ అన్న. ఆ రోజు మ్యాచ్ సగం ఈ వాదనలోనే పోయింది.

గోల్‌కీపర్‌ను ఇక్కడ గోలీ అంటారు. మనకు గోలీ అంటే జేబులో గలగలలాడేది, లేదంటే సోడా. వీళ్ల గోలీ మాత్రం కాళ్లకు పరుపుల్లాంటి ప్యాడ్లు, ఒక చేతికి పట్టుకునే గ్లవ్, ఇంకో చేతికి పలకలాంటి అడ్డు, మొహానికి ముసుగు వేసుకుని ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న వలకు కాపలా కాసే మనిషి. మిగతా ఆటగాళ్లు ముప్పావు నిమిషానికోసారి బెంచీకి పోయి ఊపిరి పీల్చుకుంటారు. గోలీ మాత్రం గంట ఆటా అక్కడే ఉంటాడు. ఫార్వర్డ్ పొరపాటు చేస్తే వెనక డిఫెన్స్ ఉంటుంది. డిఫెన్స్ పొరపాటు చేస్తే గోలీ ఉంటాడు. గోలీ వెనక ఉండేది ఎర్రదీపం ఒక్కటే. గోల్ పడగానే అది వెలుగుతుంది.

(గల్ఫ్‌లో ఉన్న మన పాఠకులు ఇదెక్కడి గోల అనుకోవద్దు. దుబాయ్ మాల్‌లో ఒలింపిక్ సైజు ఐస్ రింక్ ఉంది. బయట ఎండ కాల్చేస్తున్నప్పుడు లోపల పిల్లలు స్కేటింగ్ చేస్తుంటారు. ఓ శుక్రవారం వెళ్లి చూడండి, సంగతి అర్థమవుతుంది.)

కాలేజీ హాకీలో ఒక ఆచారం ఉంది. అవతలి గోలీ గోల్ వదిలితే చాలు, ఇవతలి విద్యార్థులంతా వేలు చూపిస్తూ ‘సీవ్! సీవ్!’ అని అరుస్తారు. సీవ్ అంటే జల్లెడ. ఎన్ని పోసినా కిందికి వదిలేసేది అని. తిట్టు అనుకుంటే తిట్టు, సరదా అనుకుంటే సరదా. అరిచేవాళ్లు పద్దెనిమిదేళ్ల పిల్లలు. వలలో ఉన్నవాడిదీ ఇంచుమించు అదే వయసు. ఆ రోజుల్లో ఈ ఆటగాళ్లకు జీతం ఉండేది కాదు, స్కాలర్‌షిప్పే. పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలు 2021లో గానీ రాలేదు.

పాప్‌కార్న్ కౌంటర్ నుంచి

మాకు ఈ పిచ్చి పట్టించినవాడు మా తెనాలి కుర్రాడు. బోస్టన్ యూనివర్సిటీలోనే ఎంఎస్ చేశాడు. చదివే రోజుల్లో కామన్వెల్త్ అవెన్యూ మీదున్న అగానిస్ అరీనాలో పార్ట్‌టైం. పాప్‌కార్న్ కౌంటర్లో పని. స్టూడెంట్ వీసా మీద వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే చేయాలి కదా, దొరికింది అది. రెండేళ్లు పాప్‌కార్న్ పొట్లాలు కడుతూ తలుపు సందులోంచి ఆట చూశాడు. 2014 డిసెంబరులో చదువు పూర్తయ్యేసరికి హాకీలో పండితుడైపోయాడు. రూముకొస్తే ఒకటే ఊదర.

‘‘అన్నా, ఈ ఏడు చూడండి. నిరుడు మావోళ్లు 21 మ్యాచ్‌లు ఓడిపోయారు. గెలిచింది పదే. ఈసారి సంగతి వేరు.’’

‘మావోళ్లు’ అన్నాడు చూశారా. మేం ఎగతాళి చేశాం గానీ, ఫిబ్రవరి వచ్చేసరికి మేమూ అదే మాట అంటున్నాం.

నిజంగానే ఆ జట్టు కథ వేరు. నలభై ఏళ్లు కోచ్‌గా ఉండి 897 మ్యాచ్‌లు గెలిపించిన జాక్ పార్కర్ 2013లో దిగిపోయారు. ఆయన దగ్గరే ఆడి పెరిగిన డేవిడ్ క్విన్ వచ్చారు. మొదటి ఏడు చతికిలబడ్డారు. రెండో ఏడు కొత్త కుర్రాళ్లు దిగారు. వాళ్లలో జాక్ ఐకెల్ ఒకడు. లోవెల్ పక్కనున్న చెమ్స్‌ఫర్డ్ కుర్రాడు, అప్పటికి 18 ఏళ్లు. ఆ సీజన్‌లో 40 మ్యాచ్‌ల్లో 26 గోల్స్ కొట్టి, 45 గోల్స్‌కు దారి వేశాడు. దేశంలోకెల్లా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు మొదటి ఏడాది విద్యార్థికి రావడం 1993లో పాల్ కరియా తర్వాత అదే.

పేపర్ల నిండా ఐకెలే. మా తెనాలి వాడు మాత్రం వేరే పాట పాడేవాడు. ‘‘గోల్స్ కొట్టేవాడిని అందరూ చూస్తారన్నా. ఆపేవాడిని చూడండి.’’

ఆపేవాడు ఓకానర్. కెనడాలోని టొరంటో వైపు నుంచి వచ్చాడు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి. అంతకుముందు రెండేళ్లు షాన్ మగ్వయర్ అనే ఇంకో గోలీతో పంచుకుంటూ ఆడాడు. ఆ ఏడాది మగ్వయర్ తలకు తగిలిన దెబ్బ నుంచి కోలుకోక మొత్తం సీజన్ బయటే ఉండిపోయాడు. భారమంతా ఓకానర్ మీద పడింది. వెయ్యి షాట్లు వస్తే 927 ఆపే లెక్కన ఆడాడు. మామూలు గోలీ 900 ఆపుతాడనుకోండి. తేడా ఇరవై ఏడే కదా అనిపిస్తుంది. కానీ వదిలేవి వంద నుంచి 73కి దిగాయి. మ్యాచ్‌కు 30 షాట్లు వచ్చాయనుకుంటే నాలుగు మ్యాచ్‌లకు మూడు గోల్స్‌కు పైగా మిగిలినట్టు. ఒక్క గోల్ తేడాతో గెలిచే మ్యాచ్‌లు ఎన్నుంటాయో చూసుకుంటే ఆ మూడింటి విలువ తెలుస్తుంది.

మంచు, బీన్‌పాట్, ఒక తండ్రి

ఆ చలికాలం బోస్టన్‌లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. 110.6 అంగుళాల మంచు కురిసింది. చరిత్రలోనే అంత పడలేదు. కార్లు పూడిపోయాయి. పార తీసుకుని తవ్వుకుంటే పక్కింటి కారు బయటపడేది. సీపోర్ట్ దగ్గర పోసిన మంచుగుట్ట జూలై 14న గానీ పూర్తిగా కరగలేదు. ఇది అబద్ధం కాదు, మేయరే ప్రకటించాడు.

ఫిబ్రవరిలో ఇక్కడ బీన్‌పాట్ అని ఒక టోర్నీ జరుగుతుంది. బోస్టన్ యూనివర్సిటీ, బోస్టన్ కాలేజీ, హార్వర్డ్, నార్త్‌ఈస్టర్న్ నాలుగే జట్లు. 1952లో మొదలైంది. గెలిచినవాళ్లకు బీన్స్ వండే కుండ బహుమతి. ఆ ఏడు ఫైనల్ ఫిబ్రవరి 9న జరగాలి. మంచు దెబ్బకు మెట్రో రైళ్లే ఆపేశారు. మ్యాచ్ 23కు వాయిదా పడింది. బోస్టన్ యూనివర్సిటీ 4-3తో నార్త్‌ఈస్టర్న్‌ను అదనపు సమయంలో ఓడించింది. ఆ గోల్ కొట్టింది కెప్టెన్ మ్యాట్ గ్రిజ్లిక్.

ఈ గ్రిజ్లిక్ గురించి ఒక మాట చెప్పకపోతే మా చెయ్యి ఊరుకోదు. వాళ్లది గార్డెన్‌కు కూతవేటు దూరంలో ఉండే చార్లెస్‌టౌన్. వాళ్ల నాన్న గార్డెన్‌లోనే ఎన్నో ఏళ్లుగా కూలి పని చేసేవాడు. ఇవాళ హాకీ ఉంటే రేపు బాస్కెట్‌బాల్ ఉంటుంది. రాత్రికి రాత్రి మంచు మీద చెక్కలు పరిచి బాస్కెట్‌బాల్ కోర్టు చేయాలి. మళ్లీ ఆ చెక్కలు తీసేసి మంచు బయటపెట్టాలి. ఆ పని చేసే ముఠాను బుల్ గ్యాంగ్ అంటారు. తండ్రి చెక్కలు మోసిన ఆ మంచు మీదే కొడుకు కప్పు గెలిపించాడు. ఆ వార్త చదివినప్పుడు మా భీమవరం గారు పేపర్ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఊళ్లో వాళ్ల నాన్నకు ఫోన్లో చెప్పడానికట. ఆయన రైస్ మిల్లులో బస్తాలు మోసి ఈయన్ని చదివించారు.

బీన్‌పాట్ అయ్యాక హాకీ ఈస్ట్ టైటిల్ కూడా మావోళ్లదే. జాతీయ టోర్నీలో యేల్‌ను 3-2తో, మిన్నెసోటా డులూత్‌ను 3-2తో గెలిచారు. సెమీస్‌లో నార్త్ డకోటాను 5-3. ఒక్క గోల్ తేడా మ్యాచ్‌లు అన్నాం కదా, లెక్కపెట్టుకోండి.

అప్పటికి పదహారు రోజుల ముందే సిడ్నీలో వరల్డ్ కప్ సెమీస్‌లో ఆస్ట్రేలియా చేతిలో మనం 95 పరుగులతో ఓడిపోయాం. రాత్రంతా మేలుకుని చూసి, పొద్దున్నే మొహాలు వేలాడేసుకుని ఆఫీసులకు పోయాం. ఇదన్నా గెలిస్తే బాగుండునని నలుగురికీ ఉంది.

ఆ రాత్రి

ఫైనల్ మొదట్లో ప్రావిడెన్స్ గోల్ కొట్టింది. వెంటనే ఓక్సానెన్ ఒకటి కొట్టాడు. మళ్లీ మధ్యలో బిళ్ల వేశారు, నాలుగంటే నాలుగు సెకన్లలో ఓరీగన్ ఇంకొకటి. మేం మొదటి గోల్‌కు చప్పట్లు కొట్టడం ఆపనేలేదు, స్కోరు మారిపోయింది. ఫైనల్స్‌లో అంత త్వరగా రెండు గోల్స్ పడటం అదే రికార్డు. ప్రావిడెన్స్ సమం చేసింది. హోమన్ మళ్లీ 3-2 చేశాడు. ఆపైన జరిగింది మొదట్లోనే చెప్పాం.

బిళ్ల జారిన రెండు నిమిషాల 19 సెకన్లకు బ్రాండన్ టానెవ్ కొట్టాడు. ప్రావిడెన్స్ 4, బోస్టన్ యూనివర్సిటీ 3. ఆ తర్వాత మావోళ్లు ఎన్ని కొట్టినా అవతలి గోలీ జాన్ గిలీస్ లోపలికి పోనివ్వలేదు. ఆ రాత్రి అతను ఆపినవి 49. ఉత్తమ ఆటగాడు కూడా అతనే. పదహారు జట్ల టోర్నీలోకి చివరి క్షణంలో దూరిన ప్రావిడెన్స్‌కు అదే మొదటి జాతీయ కప్పు. నిజం చెప్పాలంటే వాళ్లూ కష్టపడ్డారు. కోచ్ నేట్ లీమన్ జట్టు వెనకబడ్డా కంగారు పడలేదు. అభిమానం వేరు, న్యాయం వేరు.

కొట్టులోంచి బయటికొచ్చాం. నార్త్ స్టేషన్ కింద ప్లాట్‌ఫామ్ నిండా ఎర్ర జెర్సీలే. గ్రీన్ లైన్ కోసం ఆగిన విద్యార్థులు ఒకవైపు గొడవ పడుతున్నారు.

ఒకడు అంటాడూ: ‘‘చిన్నపిల్లలు కూడా చేయని తప్పు. సీజన్ మొత్తం నీళ్లపాలు చేశాడు.’’

ఇంకొక అమ్మాయి ఊరుకోలేదు. ‘‘52 షాట్లు కొట్టి మూడే గోల్స్ చేసినవాళ్లను ఏమనాలి? గోల్స్ చేయాల్సింది గోలీయా?’’

‘‘పట్టుకున్నాడు కదా, పట్టుకుని ఎందుకు వదిలాడు?’’

‘‘వెయ్యిసార్లు అలాగే వదిలాడు. ఒక్కసారి కూడా నువ్వు చూడలేదు. ఇవాళ చూశావు.’’

ఆరెంజ్ లైన్ ఎక్కాక మా ఎదురుగా ఒక ముసలాయన కూర్చున్నాడు. పాత ఎర్ర జాకెట్టు. మా తెనాలి వాడి తల మీదున్న యూనివర్సిటీ టోపీ చూసి తనే పలకరించాడు. ఎప్పుడో డెబ్భైల నుంచి చూస్తున్నాడట. 2009 కథ చెప్పాడు. అదీ ఏప్రిల్ 11వ తారీఖే, వాషింగ్టన్‌లో ఫైనల్, మయామీ యూనివర్సిటీ మీద. ఆ జట్టు వలలో ఉన్నది కీరన్ మిలన్, మొదటి ఏడాది కుర్రాడు. 3-1తో వెనకబడి ఉన్నారు, ఆట ఇక ఒక్క నిమిషం. గోలీని బయటికి పిలిచి వాడి బదులు ఇంకో ఫార్వర్డ్‌ను దింపారు. వల ఖాళీ. అవతలివాడు ఊరికే కొట్టినా గోలే. అలాంటప్పుడు చివరి నిమిషంలో రెండు గోల్స్ కొట్టి సమం చేసి, అదనపు సమయంలో గెలిచారు.

‘‘ఆ రోజు మిలన్ మూడు వదిలాడు, ఎవరికన్నా గుర్తుందా?’’ అన్నాడు ముసలాయన. ‘‘గెలిచాం కాబట్టి గుర్తులేదు.’’

వెల్లింగ్టన్‌లో దిగుతూ మా నిజామాబాద్ అన్న భుజం తట్టి పోయాడు. ఆయనకేం తెలుసని తట్టాడో మాకు అర్థం కాలేదు. అన్న మొహం అలా ఉండి ఉంటుంది.

అన్న సంగతి

ఇప్పుడు ఆ ‘నా లెక్కనే’ సంగతి. ఆ జనవరి చివర్లో ఒక శుక్రవారం రాత్రి, బయట మంచు తుపాను పోయి వారం కూడా కాలేదు. అన్న తాను కాంట్రాక్టు చేస్తున్న క్లయింటు దగ్గర ఒక స్క్రిప్టు నడిపాడు. టెస్ట్ సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీద నడిపాడు. వేలాది రికార్డులు చెరిగిపోయాయి. బ్యాకప్ ఉంది కాబట్టి రెండు రోజుల్లో తిరిగి పెట్టారు. నష్టం పెద్దగా లేదు. కానీ సోమవారం మధ్యాహ్నానికల్లా అన్న బ్యాడ్జ్ పనిచేయలేదు.

మూడేళ్లు ఆ ప్రాజెక్టులో రాత్రనక పగలనక పనిచేశాడు. ఎన్నోసార్లు అర్ధరాత్రి లేచి సిస్టమ్ పడిపోకుండా కాపాడాడు. అవేవీ ఎక్కడా రాసి లేవు. ఇదొక్కటే మెయిల్‌లో ఉంది.

తర్వాత బెంచ్. బెంచ్ మీద ఉన్నా జీతం ఇవ్వాల్సిందే అని హెచ్-1బీ రూలు చెబుతుంది. కన్సల్టెన్సీ వాళ్లు ‘చూద్దాం లే’ అన్నారు. ఎవరన్నది ఇక్కడ అనవసరం, ఇలాంటివాళ్లు ఊరికొకరున్నారు. నిజామాబాద్‌లో చెల్లెలి పెళ్లికి తెచ్చిన అప్పు. తమ్ముడు షార్జాలో డ్రైవరు, వాడి సంపాదన వాడి వీసా అప్పుకే చాలదు. అన్న మా దగ్గర అద్దె వాటా ఇవ్వలేక పొద్దున్నే లేచి నలుగురికీ వంట చేసేవాడు. వద్దన్నా వినేవాడు కాదు.

ఏప్రిల్ 13 సోమవారం ఆయనకు ఒక ఇంటర్వ్యూ ఉంది. ‘మొన్నటి ప్రాజెక్టు ఎందుకు ఆగింది అని అడిగితే బడ్జెట్ అయిపోయిందని చెప్పు’ అని కన్సల్టెన్సీ వాడు నేర్పాడు. పాఠం ఒప్పజెప్పినట్టు వారం నుంచి ప్రాక్టీసు చేస్తున్నాడు.

అదే సోమవారం మా తెనాలి వాడికీ పరీక్షే. ఆ ఏడు హెచ్-1బీకి 85 వేల వీసాలకు 2 లక్షల 33 వేల అర్జీలు పడ్డాయి. లాటరీ తీసింది 13వ తారీఖునే. ఆడింది ఆడకుండా చీటీలో తేలిపోయే ఆట అది.

ఆదివారం పొద్దున అన్న వంటింట్లో ఉప్మా కలుపుతూ ఫోన్లో ఏదో చదువుతున్నాడు. ఓకానర్ ఆ రాత్రే విలేకరులకు జవాబిచ్చిన వార్త. బిళ్ల కాళ్ల దగ్గర కనిపించలేదని ఒప్పుకున్నాడు. మంచు బాగోలేదనో, లైట్లు కొట్టాయనో సాకులు చెప్పలేదు. కోచ్ క్విన్ మాత్రం అతను లేకపోతే మేం ఇక్కడి దాకా వచ్చేవాళ్లమే కాదు అన్న ధోరణిలో మాట్లాడాడు.

‘‘తమ్మీ, మైకుల ముందు కూసోని చెప్పిండు చూడు. నేనయితే రూంల తలుపేస్కుందు’’ అన్నాడు అన్న.

‘‘మీకు మైకులు పెట్టేవాళ్లు లేరు గదండీ’’ అని భీమవరం గారు నవ్వించబోయారు. అన్న నవ్వలేదు.

సోమవారం ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వచ్చింది. అన్న బడ్జెట్ కథ చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎలా సరిచేశారో, మళ్లీ అలా జరగకుండా తాను రాసిన చెక్‌లిస్టు ఏమిటో కూడా చెప్పాడు. వాళ్లు థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేయలేదు. కన్సల్టెన్సీ వాడు తిట్టిన తిట్లు మేం హాల్లోంచి విన్నాం.

రెండో ఇంటర్వ్యూలోనూ అదే చెప్పాడు. అదీ పోయింది. మేం కూడా ‘అన్నా, ఎందుకొచ్చిన సత్యహరిశ్చంద్రుడి వేషం’ అన్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది, కానీ అద్దె కట్టాల్సింది మేం కదా. మూడోది మే నెల మొదట్లో, టెక్సాస్‌లో. అడిగినాయన ఫోన్లోనే పెద్దగా నవ్వి, తానూ ఒకసారి అలాగే చెరిపేశానన్నాడట. తీసుకున్నారు. మూడిట్లో రెండు నిజం వల్లే పోయాయా, ఇంకేదన్నా కారణమా అన్నది దేవుడికే తెలియాలి.

తెనాలి వాడికి ఆ ఏడు లాటరీ తగల్లేదు. ఓపీటీ పొడిగింపుతో నెట్టుకొచ్చి తర్వాతి ఏడు సాధించాడు.

ఆ తర్వాత

అన్నకు టెక్సాస్ ఉద్యోగం ఖాయమైన రోజుల్లోనే ఇంకో వార్త. ఓకానర్ కోసం ఎన్‌హెచ్‌ఎల్ జట్లు క్యూ కట్టాయి. ఏప్రిల్‌లో కోటి కళ్ల ముందు బిళ్ల జారవిడిచిన మనిషిని మే నెలలో ఒట్టావా సెనేటర్స్ తీసుకుంది. ఆ ఒక్క రాత్రి కాదు, మూడేళ్ల ఆట చూసి తీసుకున్నారు. మా తెనాలి వాడు ఎగిరి గంతేశాడు.

కథ అక్కడ ఆపేస్తే సినిమాలాగుండేది. ఆ అక్టోబరులో ఒట్టావా తరఫున మాంట్రియల్ మీద ఒక మ్యాచ్ ఆడాడు, ఓడిపోయారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అతను ఆడింది ఆ ఒక్కటే. మిగతాదంతా కింది లీగుల్లోనే. ఐకెల్ సంగతి వేరు. 2015లో రెండో నంబరుగా ఎంపికై, 2023లో వెగాస్‌తో స్టాన్లీ కప్ ఎత్తాడు. గ్రిజ్లిక్ ఏళ్ల తరబడి బోస్టన్ బ్రూయిన్స్‌కు ఆడాడు, అదే గార్డెన్‌లో.

బోస్టన్ యూనివర్సిటీ వలలోకి 2016లో జేక్ ఓటింజర్ వచ్చాడు. మిన్నెసోటా కుర్రాడు. మొదటి మ్యాచ్ ఆడేనాటికి పదిహేడేళ్లే. మళ్లీ పసివాళ్లు నిండిన జట్టు, మళ్లీ అవే పంచాయితీలు: ఇంత చిన్నవాడి మీద ఇంత భారమా అని. 2017 మార్చిలో ఫార్గోలో నార్త్ డకోటాను వాళ్ల రాష్ట్రంలోనే రెండో అదనపు సమయం దాకా లాగి 4-3తో గెలిచారు. మర్నాడే డులూత్ చేతిలో అదనపు సమయంలో 3-2తో ఓడారు. తెనాలి వాడు ఆ రాత్రి ఫోన్ చేసి ‘‘వీడు నిలబడతాడన్నా, రాసిపెట్టుకోండి’’ అన్నాడు. నిలబడ్డాడు. డల్లాస్ స్టార్స్ అతన్ని అదే ఏడు మొదటి రౌండులో తీసుకుంది. 2022 మే 15న కాల్గరీ మీద ఏడో మ్యాచ్‌లో 64 షాట్లు ఆపాడు. అయినా అదనపు సమయంలో ఓడిపోయారు. అరవై నాలుగు ఆపి ఓడిపోయినవాణ్ని ఏ జల్లెడ అనగలం?

డల్లాస్ స్టార్స్ ఆఫీసూ, ప్రాక్టీసు రింకూ ఉన్నది ఫ్రిస్కోలో. ఫ్రిస్కో అంటే చెప్పాలా, అడుగడుగునా మనవాళ్లే. మా నిజామాబాద్ అన్న ఇల్లు కొనుక్కున్నదీ అక్కడే. ఆయన కొడుకు అక్కడే స్కేటింగ్‌లో చేరాడు. ఫార్వర్డ్ ఆడరా అంటే వినలేదట, గోలీనే అవుతానన్నాడట. అరువు తెచ్చిన ప్యాడ్లు కట్టుకుని నిలబడ్డ ఫొటో మా అందరికీ పంపాడు. ప్యాడ్లలో పిల్లాడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి.

మొన్న అన్న ఫోన్ చేశాడు.

‘‘తమ్మీ, నిన్న మావోడు ఏడు గోల్స్ ఇడిసిండు.’’

‘‘అయ్యో. ఏడ్చాడా?’’

‘‘ఏడ్వలే. అవతలి పోరగాండ్లు సీవ్, సీవ్ అని ఒర్రిన్రంట. సీవ్ అంటే ఏంది డాడీ అన్నడు. జల్లెడ బిడ్డా అన్న. జల్లెడంటే ఏంది అన్నడు. ఏం చెప్తవ్? ఇండియన్ స్టోర్‌కు తోల్కపోయి చూపిచ్చిన. చూసి, గిండ్ల ఇన్ని తొర్రలున్నా రవ్వ ఆగుతది గద డాడీ అన్నడు.’’